ఆకాశపథికుడు జె. ఆర్. డి. టాటా

ఫ్రాన్సు దేశపు ఉత్తరతీరమున హార్డెలో అను చిన్న ఊరు గలదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో కలవారి కుటుంబములు వేసవిని అచ్చట గడుపుచుండెడివి. అట్లు వచ్చుచుండిన వారిలో ఒక భారతీయ కుటుంబము కూడ నుండెను. పారసీ వర్తకుడగు రతన్‌జీ దాదాభాయి టాటా, ఆయన భార్యయగు ఫ్రెంచి వనిత సుజాన్, వారి బిడ్డలు ఆ కుటుంబములోనివారు. లూయీ బ్లేరియో అను వైమానికుని ఇల్లు వారి ఇంటికి చేరువనే యుండెను. 1909 జూలై 25వ తేదీన ఫ్రాన్సు నుండి ఇంగ్లండునకు సముద్రముమీదుగా విమానమున దాటిన ధీరుడాతడే. ఇసుకతిన్నెలపై దిగుచున్న విమానములను టాటావారి పిల్లవాడు జహంగీరు రెప్పవాల్చక చూచుచుండెడివాడు. 1904 జూలై 29వ తేదీన పారిసులో జన్మించిన ఆ బాలుడే తరువాత జె. ఆర్. డి. టాటా అను పేర దేశమంతటికిని పరిచితుడయ్యెను. పదునైదవ యేట అతనికి విమానమెక్కు అవకాశము లభించెను. ఆ కొద్ది నిమిషముల విహారముతోనే తానును వైమానికుడు కావలయునని నిశ్చయించుకొనెను.

అతని చదువు పారిసు, బొంబాయి, యొకొహామా నగరములలో ముక్కలుముక్కలుగా సాగెను. కేంబ్రిడ్జిలో చదువవలెనని కోరిక యుండినను, తండ్రి పిలుపును మన్నించి 1925లో భారతదేశమునకు వచ్చి కుటుంబసంస్థలో పని నేర్చుకొనసాగెను. 1938లో టాటా సంస్థలకు అధ్యక్షుడయ్యెను. ఉక్కు, రసాయనములు మొదలగు పరిశ్రమలలో ఆయన చేసిన కృషిని చెప్పబూనినచో వేరొక గ్రంథమగును.

1929 ఫిబ్రవరి 10వ తేదీన ఆయనకు విమానము నడుపుటకు అనుమతిపత్రము లభించెను. భారతదేశమున ఇయ్యబడిన అట్టి పత్రములలో దాని సంఖ్య ఒకటి. పిమ్మట ఆగాఖాన్ ఒక పందెము ప్రకటించెను. ఇంగ్లండు, భారతదేశముల నడుమ ఒంటరిగా విమానము నడిపిన మొదటి భారతీయునకు బహుమానము. టాటా కరాచీ నుండి బయలుదేరెను. ఆస్పీ ఇంజనీర్ అను యువకుడు ఇంగ్లండు నుండి ఇటు బయలుదేరెను. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఇరువురును కలిసికొనిరి. స్పార్కు ప్లగ్గులు చెడిపోయి ఆస్పీ అచ్చట చిక్కుకొనియుండెను. టాటా తన వద్ద అదనముగా నున్న ప్లగ్గులను ఆతనికిచ్చెను. కొన్ని గంటల తేడాతో ఆస్పీయే గెలిచెను! పందెము పోయినందులకు టాటా విచారింపలేదు. ఆ ఆస్పీయే 1960లో భారత వాయుసేనకు అధిపతి యయ్యెను.

ఆ దినములలో ఇంగ్లండు నుండి విమానముపై వచ్చు టపా కరాచీ వరకే చేరుచుండెను. అచ్చట నుండి దక్షిణమునకు రైలుబండియే గతి. నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు ఈ కొరతను గమనించి, కరాచీ నుండి మద్రాసు వరకు విమానముపై టపా చేరవేయవచ్చునని టాటాకు సూచించెను. ప్రభుత్వము ఆర్థికసాహాయ్యమునకు అంగీకరింపలేదు. మోసిన టపాకు కూలి మాత్రమే యిత్తుమనెను. అయినను టాటా వెనుదీయలేదు. 1932 అక్టోబరు 15వ తేదీ ఉదయమున పుస్ మాత్ అను చిన్న విమానమునందు టపా సంచులతో ఆయన ఒంటరిగా కరాచీ విడిచెను. విమానమున రేడియో లేదు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిపై వచ్చెను. మధ్యాహ్నమునకు బొంబాయిలోని జుహూ మైదానమున ఆయన దిగెను. అచ్చట నుండి విన్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. మన దేశపు విమానయాన వ్యాపారము అట్లు రెండు చిన్న విమానములతో, తాటాకుల పాకలో ప్రారంభమయ్యెను. వర్షాకాలమున జుహూ మైదానము నీట మునుగుచుండుటచే ఆ నెలలలో మకామును పూనాకు మార్చవలసివచ్చెడిది.

మొదటి సంవత్సరమున ఆ విమానములు రమారమి 1,60,000 మైళ్లు తిరిగెను. ప్రయాణికులు మాత్రము 155 మందియే. టపా సంచుల ప్రక్కన ఇమిడి కూర్చుండుటకు ఎందరు సాహసింతురు? మోటారు చప్పుడునకు చెవులు గింగురుమనుచుండెడివి. టపాకు వేగము చాలును. మనుష్యునకు వేగముతోపాటు ఒదుగైన ఆసనము కూడ కావలయునని టాటా ఆనాడే గ్రహించెను. చిన్న విమానముల స్థానమున పెద్దవి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట డకోటాలు వచ్చెను. ఈ అభివృద్ధిని చూచుటకు విన్సెంట్ బ్రతికియుండలేదు. 1942లో ఆయన ఎక్కిన యుద్ధవిమానము సముద్రముపై అదృశ్యమయ్యెను.

1946లో ఆ సంస్థ ఎయిర్ ఇండియా అను పేరు దాల్చెను. 1948 జూన్ 8వ తేదీన మలబార్ ప్రిన్సెస్ అను కాన్‌స్టెలేషన్ విమానము 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుండి కైరో, జినీవాల మీదుగా లండనునకు ఎగిరెను. టాటా ఆ విమానములోనే యుండెను.

పిమ్మట ఐదేండ్లకు ఆయనకు గొప్ప దెబ్బ తగిలెను. 1953లో ప్రభుత్వము విమానసంస్థలనన్నిటిని జాతీయము చేసెను. తన సలహా నడుగకయే ఇది జరిగెనని టాటా మిక్కిలి నొచ్చుకొనెను. స్వహస్తములతో పెంచిన తోట పరులదైనపుడు తోటమాలి ఏమి చేయును? ఎయిర్ ఇండియాకు అధ్యక్షుడుగా నుండుమని ప్రధానమంత్రి నెహ్రూ కోరెను. టాటా మనస్సులోని బాధను దిగమ్రింగి అంగీకరించెను. తనది కాని సంస్థకు తనదానివలెనే ఇరువదియైదేండ్లు పాటుపడెను.

ఆయన చేసిన ప్రతి ప్రయాణమును ఒక తనిఖీయే. విమానము దిగిన వెంటనే తాను చూచిన లోపములను వ్రాసి అధికారులకు పంపుచుండెను. ఒక ప్రయాణమున కొన్ని ఆసనములు వెనుకకు బాగుగా వాలుచున్నవి, కొన్ని కొంచెమే వాలుచున్నవి. కడపటి వరుసలోనివి గోడ అడ్డగించుటచే వాలజాలవు, అది తప్పదు. తక్కినవన్నియు ఒకే తీరుగా హెచ్చుగా వాలునట్లు సవరింపుడని ఆయన వ్రాసెను. ఇంకొకమారు, విమానములో నిచ్చిన తేనీరు రంగులో కాఫీకి భేదము కానరాకున్నదని తెలిపెను. ఇనుప కర్మాగారముల అధిపతికి తేనీటి రంగుతో నేమి పని యని నవ్వినవారును ఉండవచ్చును. రాత్రియంతయు కూర్చుండి సముద్రములు దాటు ప్రయాణికునకు ఇంజను గుఱ్ఱపుబలము కనబడదు. వీపునకు ఆనుకొనిన ఆసనమే విమానమని టాటాకు తెలియును.

ఆసనములు ఎంత చక్కగా నున్నను, పంకాలు త్రిప్పు పాత ఇంజనుల విమానము మబ్బులలో కుదుపులు తప్పించుకొనజాలదు. జెట్ విమానము వానికి మీదుగా ఎగురును. దాదాపు రెట్టింపు వేగముతో పోవును. కనుక టాటా పాతవాటిని పూర్తిగా మార్చుటకు పూనుకొనెను. 1960 ఫిబ్రవరిలో బోయింగ్ 707 వచ్చెను. నడుమ ఒకే నడవ, ఇరువైపుల ఆసనములు గల సన్నని విమానమది. ఆసియా ఖండమున జెట్ విమానములు సమకూర్చుకొనిన మొదటి సంస్థ ఎయిర్ ఇండియాయే. అదే సంవత్సరము మే నెలలో న్యూయార్కునకు ప్రయాణములు మొదలయ్యెను. పాత సూపర్ కాన్‌స్టెలేషన్‌లలో కొన్ని వాయుసేనకు చేరెను. 1962 జూన్ నాటికి ఆ సంస్థయందు జెట్ విమానము కానిది ఒక్కటియు లేకుండెను. ప్రపంచమున ఏ సంస్థయు అంతకుముందు అట్లు చేయలేదు. ఒకే జాతి విమానములగుటచే చోదకుల శిక్షణ, మరమ్మతు సామగ్రి సులభమయ్యెను. 1971లో రెండు నడవలు గల బోయింగ్ 747 కూడ వచ్చెను. దానికి సామ్రాట్ అశోక అని పేరిడిరి.

1978 జనవరి 1వ తేదీన ఆ సామ్రాట్ అశోకయే బొంబాయి వద్ద సముద్రమున కూలి, అందలి 213 మందియు మరణించిరి. మరుసటి నెలలో ప్రభుత్వము టాటాను అధ్యక్షపదవి నుండి తొలగించెను. ప్రభుత్వము వారి జాబు కన్న ముందు ఆ వార్త ఇతరుల నోటనే ఆయన చెవి సోకెను. అంతటివాని సేవకు ఆ తీరు తగదు. 1980లో ఆయనను తిరిగి సంస్థ పాలకవర్గమునకు తీసికొనిరి గాని, అధ్యక్షపదవి మరల రాలేదు.

తొలి ప్రయాణమునకు ఏబదియేండ్లు నిండిన 1982 అక్టోబరు 15వ తేదీన, 78 ఏండ్ల వయస్సున, టాటా పాతకాలపు లెపర్డ్ మాత్ విమానమును కరాచీ నుండి బొంబాయికి స్వయముగా నడిపెను. 1992లో ఆయనకు భారతరత్న బిరుదము లభించెను. 1993 నవంబరు 29వ తేదీన జినీవాలో మరణించెను. జన్మించిన పారిసు నగరముననే ఆయనను ఖననము చేసిరి.

2022 జనవరి 27వ తేదీన ఎయిర్ ఇండియా మరల టాటా సంస్థల చేతికి వచ్చెను. అప్పటికి అనేక విమానములలోని ఆసనములు పాతబడియుండెను. 2023లో 470 క్రొత్త విమానములకు ఉత్తరువిచ్చిరి. 2024 సెప్టెంబరులో, ఒకే నడవ గల ఎయిర్‌బస్ ఎ320 నియో విమానములు 27 ఎన్నుకొని, ఒక్కొక్కదానిని కొట్టమునకు చేర్చి పాత ఆసనములను ఊడదీయుట మొదలిడిరి. వాని స్థానమున బిజినెస్ తరగతిలో 8, ప్రీమియం ఎకానమీలో 24, సామాన్య తరగతిలో 132 క్రొత్త ఆసనములు అమర్పబడునట్లు ఏర్పాటు చేసిరి.