మెటియాబ్రుజ్ మత్స్యచిహ్నము

కర్మాగారము మూతపడినను, కారు ముఖమున బిగించిన చిహ్నము కొన్నియేండ్లు మెరయుచునే యుండును. ఉత్తర్‌పాడాలో అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచినది. ఆ పేరు మాత్రము కలకత్తా వీథులను వెంటనే విడువలేదు. మోటారులు పుట్టకమునుపటి అట్టి చిహ్నమొకటి మెటియాబ్రుజ్‌లోని సిబ్తైనాబాద్ ఇమాంబాడా ద్వారముపై కలదు. అందలి మత్స్యకన్యలు అవధ్ రాజ్యమునకు గుర్తు. మొగలాయీల కాలమున మత్స్యము గొప్ప హోదాకు లక్షణము. ఆ గుర్తును ఇచ్చట నిలిపినవాడు గద్దె కోల్పోయిన వాజిద్ అలీ షా.

ఆయన 1822 జూలై 30వ తేదీన లక్నోలో జన్మించి, 1847లో సింహాసనమెక్కెను. గాన నాట్యములలో మునిగి పాలనను మరచెనని ఇంగ్లీషువారు నిందించిరి. అందు కొంత నిజమున్నను, కంపెనీవారి కన్ను ఆ సారవంతమైన నేలపై ఎన్నడో పడినది. 1856లో రెసిడెంటు ఔట్రామ్ ఒడంబడిక పత్రము తెచ్చి సంతకము కోరెను. రాజు కత్తి దూయలేదు, సంతకమును చేయలేదు. తలపాగ తీసి ఔట్రామ్ చేతిలో పెట్టెను. కాగితములతో కాలము గడుపువారికి ఆ చేయని సంతకము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

లండను వెళ్లి రాణికి మొరపెట్టుకొనదలచి ఆయన ఆ మే నెలలో కలకత్తా చేరెను. ఆరోగ్యము సహకరింపక ఇచ్చటనే నిలువగా, తల్లి సముద్రము దాటెను. న్యాయము దొరకలేదు, తిరుగుప్రయాణమున 1858లో ఆమె పారిస్‌లో కన్నుమూసెను. ఈలోగా 1857 తిరుగుబాటు రాగా, దూరముననున్న రాజును ఫోర్ట్ విలియంలో నిర్బంధించిరి. లక్నోలో ఆయన విడిచివచ్చిన బేగం హజ్రత్ మహల్ మాత్రము పోరు నడిపెను.

1859లో విడుదలై, ఏటికి 12 లక్షల రూపాయల భరణముతో ఆయన హుగ్లీ యొడ్డున మరియొక లక్నోను కట్టదొడగెను. మెటియాబ్రుజ్ అనగా మట్టిబురుజు. బురుజు మన పల్లెలకును పరాయిమాట కాదు. మేడలు, జంతుశాల, గాయకులు, నర్తకులు, వంటవారు, గాలిపటములవారు ఆయన వెంట వెలసిరి. ఠుమ్రీ, కథక్ కలకత్తాలో వేళ్లూనుటకు ఆ కొలువు ముఖ్యకారణము. బంగాళాదుంప వేసిన బిర్యానీ కూడ ఆ వంటశాలదేయని ప్రతీతి. భరణము చాలక అప్పులు పెరిగినను, దర్బారు మర్యాదను ఆయన తగ్గించుకొనలేదు.

1887 సెప్టెంబరు 21వ తేదీన మరణింపగా, ఆయనను ఆ ఇమాంబాడాలోనే ఖననము చేసిరి. ఆస్తి అమ్ముడుపోయెను, మేడలు పెక్కు మాయమయ్యెను. మెటియాబ్రుజ్ నేడు దర్జీల ఊరు. ఉత్తర ప్రదేశ్ రాష్ట్రముద్రలో మాత్రము రెండు చేపలు నేటికిని ఉన్నవి.