పన్నాలాల్ ఘోష్ – ఏడవ రంధ్రం

జాతరలో అమ్మే పిల్లనగ్రోవిని మీరు చూసే ఉంటారు. జానెడున్నర వెదురు గొట్టం, ఆరు రంధ్రాలు. చాలా కాలం వరకు హిందుస్థానీ సంగీత సభల్లో దానికి గౌరవస్థానం లేదు. పశువుల కాపరి పాటలకు, పల్లె పదాలకు అది చాలునని, రాగాన్ని గంటసేపు నడిపే శక్తి దానికి లేదని పెద్దలు అనుకునేవారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన వ్యక్తి పన్నాలాల్ ఘోష్.

ఆయన 1911లో బారిసాల్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి సితార్ వాయించేవారు. తమ్ముడు నిఖిల్ ఘోష్ తరువాత తబలా విద్వాంసుడయ్యారు. పన్నాలాల్ యువకుడిగా కలకత్తా చేరి, సినిమాల వాద్యబృందంలో పనిచేశారు. సరైకెలా ఛావు నృత్య బృందంతో 1938లో యూరప్ వెళ్లివచ్చారు.

చిన్న వేణువు గొంతు సన్నగా, కీచుగా ఉంటుంది. మంద్రస్థాయిలో నెమ్మదిగా సాగే ఆలాపనకు అది సరిపోదు. గొట్టం పొడవు పెరిగితే నాదం లోతవుతుందని మీకు తెలుసు కదా! పన్నాలాల్ లోహంతోనూ, ఇతర పదార్థాలతోనూ గొట్టాలు చేసి చూశారు. చివరకు వెదురే మేలని తేల్చుకుని, సుమారు 32 అంగుళాల వేణువును తయారు చేసుకున్నారు. అంత దూరంలో ఉన్న రంధ్రాలను వేలి కొసలతో మూయడం కష్టం. వేలి మెత్తని భాగంతో మూయాలి. వేళ్లు చాచడానికే నెలల సాధన కావాలి.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఆరు రంధ్రాలూ తెరిస్తే తీవ్ర మధ్యమం, అంటే మనం ప్రతి మధ్యమం అనే స్వరం, పలుకుతుంది. దాని పక్కనే ఉన్న పంచమానికి ఆరు రంధ్రాలూ ఒక్కసారిగా మూసి, ఊపిరి పెంచాలి. ఆరు వేళ్లు ఒకేసారి పడేటప్పుడు నాదం తెగుతుంది, శ్రుతి కదులుతుంది. మన కల్యాణికి దగ్గరగా ఉండే యమన్ రాగంలో ఈ రెండు స్వరాల మధ్య జారుడు లేకపోతే రాగమే లేదు. గాయకుడికి సులువైనది వేణువుకు అసాధ్యమైంది.

పన్నాలాల్ కింది చివర ఏడవ రంధ్రం వేశారు. చిటికెన వేలితో దాన్ని కూడా మూసి ఊదితే అదే మధ్యమం మరో దారిలో పలుకుతుంది. అక్కడి నుంచి చిటికెన వేలు ఒక్కటి మెల్లగా ఎత్తితే చాలు, పంచమం వస్తుంది. మంద్రస్థాయిలో, పంచమానికి కింద అంతకుముందు లేని మధ్యమం కూడా దొరికింది. గాంధారం నుంచి వచ్చేటప్పుడు తెరిచిన వేళ్లు, పంచమానికి పోయేటప్పుడు మూసిన వేళ్లు: ఒకే స్వరానికి రెండు దారులు. ఏది ఎప్పుడు వాడాలో వాయించేవాడి చెవి చెప్పాలి.

1940లో ఆయన బొంబాయి వెళ్లారు. 1942లో విడుదలైన ‘బసంత్’ చిత్రానికి సంగీతం సమకూర్చారు. భార్య పారుల్ ఘోష్ పేరున్న సినీగాయని. సినిమాల్లో పేరు వచ్చినా, 1947లో అల్లాఉద్దీన్ ఖాన్ వద్ద మళ్లీ శిష్యుడిగా చేరారు. ముప్పై ఆరేళ్ల వయసులో, అంత పేరు వచ్చాక! 1956లో ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందానికి నిర్వాహకులయ్యారు.

1960 ఏప్రిల్‌లో, నలభై ఎనిమిదేళ్లకే ఆయన ఢిల్లీలో మరణించారు. ఆరు రంధ్రాలతోనే వాయించే గొప్ప విద్వాంసులు తరువాత కూడా వచ్చారు. ఆయన శిష్య పరంపరలోని వారి వేణువులకు మాత్రం చిటికెన వేలి కింద ఆ ఏడవ రంధ్రం కనిపిస్తుంది.