ఏనుగు బరువు ఒక్కరోజులో మోయలేదు

కండబలంతో లోకాన్ని చుట్టొచ్చిన కోడి రామ్మూర్తి నాయుడి జీవితం, ఈవెంట్స్‌కి తయారవుతున్న కుర్రాళ్లకి ఏం చెబుతుంది?

బీటెక్ అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో అమలాపురంలో ఒక జిమ్‌లో చేరాను. మొదటి రోజే పక్కవాళ్లని చూసి వాళ్లు ఎత్తినంతా ఎత్తేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అసలు కథ మూడో రోజు మొదలైంది. మేడ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అది చూసి మా తాతయ్య, కోడి రామ్మూర్తిని అయిపోదామనుకున్నానా ఏంటని ఒకటే నవ్వు. ఆ పేరు నేను విన్నదే. శ్రీకాకుళంలో స్టేడియం ఉంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. కానీ ఆ మనిషి అంత బలం ఎలా సంపాదించాడన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. కాళ్ల నొప్పులతో మంచం మీద పడి ఉన్న ఆ రెండు రోజుల్లో చదివాను. నేను చేసిన తప్పేంటో అప్పుడు తెలిసింది.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

కోడి రామ్మూర్తి నాయుడు 1882 ప్రాంతంలో వీరఘట్టంలో పుట్టాడు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. చిన్నప్పుడే తల్లి పోయింది. పిల్లాడికి చదువు మీద కంటే తిరుగుడు మీదే ధ్యాస. ఇలాగైతే కష్టమని తండ్రి వెంకన్న నాయుడు అతన్ని విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపించాడు. ఆయన పోలీసు శాఖలో ఉద్యోగి. అంటే మనలో చాలామంది వేసుకోవాలని కలలు కంటున్న యూనిఫాం ఉన్న ఇంట్లోనే రామ్మూర్తి పెరిగాడన్నమాట.

అక్కడ బడి కంటే వ్యాయామశాల అతనికి ఎక్కువ నచ్చింది. ఆ కాలపు వ్యాయామశాల అంటే ఏసీ, అద్దాలు, మెషీన్లు కాదు. మట్టి గోదా, దండీలు, బస్కీలు, కుస్తీ పట్లు. మన అమలాపురంలో దసరా వాహనాల ముందు కర్రలు, కత్తులు తిప్పే చెడీ తాలింఖానా చూసినవాళ్లకి ఆ వాతావరణం కొంచెం ఊహకి అందుతుంది. తాలింఖానాలో కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదటి రోజే కత్తి ఇవ్వరు. ముందు అడుగు పడాలి, తర్వాత కర్ర తిరగాలి, ఆ తర్వాతే కత్తి. గోదాలోనూ అదే పద్ధతి. ఒంటికి అలవాటు అయ్యేదాకా తర్వాతి మెట్టు ఎక్కనివ్వరు.

సైదాపేటలో ఒక ఏడాది

రామ్మూర్తి కథలో మన పత్రికలు, సినిమావాళ్లు పెద్దగా పట్టించుకోని భాగం ఇదే. కానీ నాకు బాగా నచ్చిందీ ఇదే. అప్పటికే కుస్తీల్లో పేరు తెచ్చుకున్న కుర్రాడు మద్రాసు వెళ్లి, సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ కోర్సు చేశాడు. తిరిగొచ్చి విజయనగరంలో తాను చదువుకున్న బళ్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాడు.

ఒంట్లో అంత బలం పెట్టుకుని మళ్లీ కోర్సు ఎందుకు? ఎందుకంటే బలం ఉండటం వేరు, ఆ బలం ఎలా వస్తుందో తెలియడం వేరు. ఆ రోజులు చూడండి. జర్మనీలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న యూజిన్ శాండో ప్రపంచానికి శరీర సౌష్ఠవం పిచ్చి పట్టించాడు. 1901లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో కండల పోటీ పెట్టాడు. 1904-05లో మన దేశంలోనూ తిరిగి ప్రదర్శనలు ఇచ్చాడు. మనం శాండో బనియన్ అంటామే, ఆ పేరు ఆయనదే. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్లి గెలిచొచ్చాడు. రామ్మూర్తి ఆ తరం మనిషి. గోదాలో నేర్చుకున్న దేశీ కసరత్తు, సైదాపేటలో నేర్చుకున్న కొత్త పద్ధతి, వీటికి తోడు ప్రాణాయామం. మూడూ కలిపి తనకంటూ ఒక సాధన తయారు చేసుకున్నాడు. పైగా శాకాహారి. ప్రోటీన్ డబ్బా కొనలేకపోతున్నామని బాధపడేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

గొలుసు, కారు, ఏనుగు

మాస్టారి ఉద్యోగంతో ఆగిపోలేదు. పొట్టి పంతులు అనే మిత్రుడి సాయంతో విజయనగరంలోనే సర్కస్ కంపెనీ పెట్టాడు. ఊరూరా డేరాలు వేశారు. తెలుగు జిల్లాల నుంచి మద్రాసుకి, అక్కణ్నుంచి ఉత్తరాదికి, తర్వాత విదేశాలకి వెళ్లారు. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి నిండా పీల్చి, కండలు బిగించి దాన్ని తెంచేవాడు. భుజాలకి గొలుసులతో రెండు కార్లు కట్టించుకుని, అవి చెరో వైపు లాగుతుంటే కదలకుండా నిలబడేవాడు. రొమ్ము మీద పలక పరిపించుకుని దాని మీంచి ఏనుగుని నడిపించేవాడు. లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి, రాణి మేరీల మెప్పు పొందాడు. ఇండియన్ హెర్క్యులిస్ అన్న బిరుదు వచ్చింది. మన జనం మాత్రం తమకి తెలిసిన పేరే పెట్టుకున్నారు, కలియుగ భీముడని.

ఇంజనీరింగ్ చదివినవాడిని కదా, ఏనుగు దగ్గర నా బుర్ర ఆగిపోయింది. పెద్ద ఏనుగు మూడు నాలుగు టన్నులు ఉంటుంది. పలక వెడల్పుగా ఉంటే ఆ బరువు ఒకే చోట పడదు, పలకంతా పరుచుకుంటుంది. ఏనుగు నడుస్తోంది కాబట్టి మొత్తం బరువు ఎక్కువసేపు రొమ్ము మీద నిలవదు. ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి, పొట్ట, రొమ్ము బిగిస్తే మొండెం గట్టి డ్రమ్ములా తయారవుతుంది. లెక్క ఇంతే. కానీ ఈ లెక్క తెలిసిన నేను ఆ పలక కింద పడుకుంటే పక్కటెముకలు మిగలవు. ఆయనకి మిగిలాయంటే ఆ ఎముకలు, కండలు, ఊపిరి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బరువుకి అలవాటుపడ్డాయి కాబట్టి. జనం టికెట్ కొని చూసింది కొన్ని క్షణాలే. ఆ క్షణాల వెనకున్న ఏళ్లని ఎవరూ చూడలేదు. నేనూ జిమ్‌లో చేసింది అదే. పక్కవాడు ఎత్తే బరువు చూశానే గానీ, అతను ఎన్నేళ్లుగా ఎత్తుతున్నాడో అడగలేదు.

ఒంటికి నొప్పి ఎందుకొస్తుంది?

మూడో రోజు నా కాళ్లు పట్టేయడానికి కారణం లాక్టిక్ యాసిడ్ అని జిమ్‌లో అందరూ చెబుతారు. అది కాదు. వ్యాయామం ఆపేసిన గంట, గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అలవాటు లేని పని చేసినప్పుడు కండరాల పోగుల్లో చాలా సన్నని చిరుగులు పడతాయి. ముఖ్యంగా బరువు దించేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, అంటే కండరం సాగుతూ పనిచేసేటప్పుడు ఎక్కువ పడతాయి. ఒళ్లు వాటిని బాగుచేసుకునే క్రమంలో వచ్చే నొప్పి ఇది. 24 గంటల నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, వారంలోపు పోతుంది. అదే పని మళ్లీ చేస్తే అంత నొప్పి రాదు, కండరం నేర్చేసుకుంటుంది. మన కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు రోజుకి ఎన్నో చెట్లెక్కినా మర్నాడు మళ్లీ పనికి వస్తాడు. మనం ఒక్క చెట్టు సగం ఎక్కితే రెండు రోజులు చెయ్యి లేవదు. తేడా అలవాటుదే.

ఈ నొప్పి రెండు వైపులా సమానంగా, కండ మొత్తం పట్టేసినట్టు ఉంటుంది. నెమ్మదిగా నడిస్తే కొంచెం వదులుతుంది. దీనికి భయపడక్కర్లేదు. గాయం తీరు వేరు. చేస్తుండగానే చురుక్కుమంటుంది, ఒక వైపే ఉంటుంది, కీలు దగ్గరో ఎముక మీదో పట్టుకుంటుంది, వాపొస్తుంది. అప్పుడు ఓర్చుకుని ఇంకో సెట్ చేయడం మగతనం కాదు, తెలివితక్కువతనం. నేను చేశాను కాబట్టే చెబుతున్నా. తర్వాత కొన్ని నెలలకి భుజంలో మొదలైన చురుకుని పట్టించుకోకుండా రెండు వారాలు నెట్టుకొచ్చాను. ఫలితం, మూడు నెలలు జిమ్ బంద్.

నాకు పోయింది మూడు నెలల జిమ్ ఫీజే. రాజోలు వైపు నుంచి వచ్చే నా ఫ్రెండ్‌కి పోయింది అంతకంటే పెద్దది. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయ్యాడు. చేతిలో ఉన్న కొద్ది వారాల్లో 1600 మీటర్లు అందుకోవాలని, అంతవరకూ పరుగే అలవాటు లేనివాడు రోజూ తారు రోడ్డు మీద పూటకి రెండుసార్లు పరిగెత్తాడు. కాలి ముందు ఎముక నొప్పి పెట్టినా స్ప్రే కొట్టుకుని పరిగెత్తాడు. ఈవెంట్స్ రోజు రెండో రౌండ్‌లోనే కుంటుతూ పక్కకి వచ్చేశాడు. రాత పరీక్ష కోసం ఏడాది చదివినవాడు కాలికి రెండు నెలలు ఇవ్వలేకపోయాడు.

చివరి రోజులు

రామ్మూర్తి జీవితం చివర్లో ఒక బాధాకరమైన అధ్యాయం ఉంది. కాలి మీద లేచిన పుండు ముదిరిపోయి, చివరికి ఆ కాలే తీసేయాల్సి వచ్చింది. కార్లని ఆపిన కాలు. మత్తుమందు లేకుండానే ఆపరేషన్ చేయించుకున్నాడని చెప్పుకుంటారు. సంపాదించిన డబ్బు చాలావరకు దానధర్మాలకే పోయిందనీ అంటారు. ఒడిశాలోని బలంగీర్‌లో, పట్నా సంస్థానం ఆశ్రయంలో చివరి రోజులు గడిపి, 1942 జనవరిలో కన్నుమూశాడు.

ఆ రోజుల్లో పెన్సిలిన్ ఇంకా జనానికి అందలేదు. చిన్న పుండు కూడా పెద్ద ప్రమాదమే. అంతటి బలశాలి ఒంట్లోనూ బలం చేయలేని పని ఒకటి ఉందని ఆ కాలు చెబుతోంది. కండ ఎంత పెంచినా గాయానికి కావాల్సింది వైద్యం, విశ్రాంతి. ఆయనకి అందుబాటులో లేని మందులు, స్కానింగ్‌లు ఇవాళ మనకి అమలాపురంలోనే ఉన్నాయి. అయినా నొప్పిని దాచుకుని పరిగెడుతున్నాం.

తాతయ్య ఎగతాళికి నా దగ్గర ఇప్పుడు జవాబుంది. కోడి రామ్మూర్తిని అవ్వాలంటే ముందు సైదాపేట ఏడాది లాంటిది మనకీ ఒకటి కావాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆ ఏడాది దొరకదు. ఇవాళే నెమ్మదిగా మొదలుపెడితే దొరుకుతుంది.

ఈవెంట్స్‌కి వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి

• ముందు 5 నుంచి 10 నిమిషాలు నడక, నెమ్మది పరుగు, చేతులు కాళ్లు తిప్పడం. ఒళ్లు వేడెక్కాకే అసలు పరుగు, బరువులు.

• మొదటి రెండు వారాలు, ఇంకా చేయగలం అనిపిస్తుండగానే ఆపేయండి. దూరం, వేగం, బరువు మూడూ ఒకే వారంలో పెంచొద్దు.

• రోజూ తారు రోడ్డే వద్దు. కాలేజీ గ్రౌండ్, కాలవ గట్టు మట్టిదారి మేలు. ఓడలరేవు, అంతర్వేది ఇసకలో పరుగు పిక్కల మీద బాగా భారం వేస్తుంది, కొత్తవాళ్లు కొద్దిసేపే చేయండి.

• బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. రామ్మూర్తి ఊపిరి బిగించాడని మనం బిగిస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

• ఒకే భాగానికి వరసగా రెండు రోజులు గట్టి కసరత్తు వద్దు. మధ్యలో విశ్రాంతి, రాత్రి 7, 8 గంటల నిద్ర.

• పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఇంట్లో దొరికేవే. ముందు అవి సరిగ్గా తినండి.

• నొప్పి వారం దాటినా, కీలు వాచినా డాక్టర్‌ని కలవండి. విపరీతంగా కసరత్తు చేశాక కండలు బాగా వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరాలు చితికి కిడ్నీల మీద ప్రభావం పడుతోందనడానికి అది గుర్తు.

• ఈవెంట్స్‌కి ముందు వారం కొత్త కసరత్తులేవీ వద్దు. తగ్గించి చేయండి, తాజా కాళ్లతో వెళ్లండి.