స్కాలర్‌షిప్‌తో చదివిన అంబేద్కర్ గారు

నాందేడ్‌లో స్థిరపడ్డ మన పద్మశాలీ ఇళ్లల్లో చదువుకునే పిల్లలకు కొదవ లేదు. పన్నెండో తరగతి దాటాక కాలేజీ ఫీజు దగ్గరే కొందరు ఆగిపోతున్నారు. స్కాలర్‌షిప్‌కు అర్జీ పెట్టమంటే, ఒకరి ముందు చెయ్యి చాపడమెందుకని మొహమాటపడే పెద్దలూ మనలో ఉన్నారు. అందుకే ఈ సంచికలో డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ గారి చదువు ఎలా సాగిందో చెప్పుకుందాం.

ఆయన 1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టారు. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. 1907లో మెట్రిక్ పాసై బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరారు. కాలేజీ ఖర్చు తండ్రికి మించిన బరువైంది. అప్పుడు బరోడా మహారాజు శాయాజీరావ్ గాయక్వాడ్ నెలకు 25 రూపాయలు మంజూరు చేశారు. 1912లో బి.ఎ. పూర్తయింది.

1913లో మహారాజే మూడేళ్లపాటు నెలకు 11.5 పౌండ్లు ఇచ్చి అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి పంపారు. అది దానం కాదు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచెయ్యాలని ఒప్పందం రాసుకున్నారు. 1916లో లండన్ వెళ్లారు గానీ, ఏడాదికే స్కాలర్‌షిప్ గడువు తీరింది. చదువు సగంలో వదిలి 1917లో తిరిగొచ్చారు. బరోడా కొలువులో చేరితే, కులం కారణంగా అక్కడ ఉండడానికి ఇల్లు కూడా దొరకలేదు.

అయినా చదువు వదల్లేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో మిగుల్చుకున్నారు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం చేశారు, స్నేహితుడు నవల్ భతేనా అప్పిచ్చారు. అలా మూడు చోట్ల నుంచి కూడగట్టుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లి, డి.ఎస్సీ., బారిస్టరు రెండూ పూర్తిచేశారు.

రాజుగారి దయ ఒక్కరికే అందుతుంది, దానికి గడువూ ఉంటుంది. ఆ సంగతి అనుభవంతో తెలిసిన మనిషి ఆయన. వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడు, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. మన మరాఠ్వాడా ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండగానే, 1950లో, ఔరంగాబాద్‌లో ఆ సొసైటీ కాలేజీ తెరిచింది. అదే నేటి మిలింద్ కాలేజీ. ఆయన 1956 డిసెంబరు 6న కన్నుమూశారు.

ఆ తర్వాత కాలంలో ఇలాంటి సాయం వెనుకబడిన తరగతులకూ అందింది. మహారాష్ట్రలో పద్మశాలీలు ఎస్.బి.సి. జాబితాలో ఉన్నారు. ఎస్.బి.సి. విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, మహాడీబీటీ పోర్టల్‌లో అర్జీ పెట్టుకోవాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకుంటే చివరి రోజుల్లో పరుగులు తప్పుతాయి. డబ్బు ఆలస్యమైతే నడుమ ఖర్చుకు బంధువులం, సంఘం వాళ్లం ఆసరాగా నిలబడాలి. అంబేద్కర్ గారంతటి వారే సాయం తీసుకుని చదివారు. మన పిల్లలు తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.