తెరచిన తలుపు తెలిపిన రహస్యం – రూథర్‌ఫర్డ్ జీవితం

పరమాణువుకు కేంద్రకం ఉందని లోకానికి చాటిన శాస్త్రవేత్తగా ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులకు సైతం సుపరిచితమే. అయితే ఇంటి నేల పగుళ్లలోంచి నిశ్శబ్దంగా లోనికి చేరే రేడాన్ వాయువు స్వభావాన్ని మానవుడు గ్రహించడానికి బాటవేసిన వారిలోనూ ఆయనే అగ్రగణ్యులన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. రంగు, రుచి, వాసన లేని ఈ వాయువు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత చెప్పుకోదగిన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. ఈ నేపథ్యంలో ఆ మహనీయుని జీవితాన్ని స్మరించుకోవడం సముచితం.

రూథర్‌ఫర్డ్ 1871 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లోని నెల్సన్ పట్టణ సమీపాన జన్మించారు. పన్నెండుమంది సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి జేమ్స్ బండిచక్రాలు చేసి, సేద్యం చేసి కుటుంబాన్ని పోషించారు. తల్లి మార్తా వివాహానికి ముందు ఉపాధ్యాయిని. చదువు విలువ తెలిసిన ఆ ఇంట పుట్టిన బాలుడు ఉపకార వేతనాలే ఆధారంగా మెట్టుమెట్టుగా ఎదిగి, 1895లో ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ వద్ద పరిశోధకుడయ్యారు. యురేనియం వెలువరించే కిరణాలు రెండు విధాలని గుర్తించి, వాటికి ఆల్ఫా, బీటా అని నామకరణం చేశారు.

1898లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయ ఆచార్య పదవి లభించింది. అక్కడ ఆయన సహచరుడు ఓవెన్స్ థోరియం కిరణాలను కొలుస్తుండగా ఒక వింత ఎదురైంది. గది తలుపు మూసి ఉన్నప్పుడు ఒక కొలత, తెరిస్తే మరొక కొలత వచ్చేది. అన్యులైతే పరికరంలో లోపమని సరిపెట్టుకునేవారేమో! రూథర్‌ఫర్డ్ మాత్రం ఆ గాలి వెంట కొట్టుకుపోతున్నదేమిటని విచారించారు. థోరియం నుండి రేడియోధార్మికత గల వాయువేదో వెలువడుతున్నదని నిరూపించి, 1900లో ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో డార్న్ రేడియం నుండీ అటువంటి వాయువే వెలువడుతున్నట్లు గమనించారు. ఇవి రెండూ ఒకే మూలకపు రూపాలు. నేడు మనం రేడాన్ అంటున్నది ప్రధానంగా ఆ రెండవదానినే.

ఆ పరిశోధనలో రెండు అమూల్య సత్యాలు బయటపడ్డాయి. మొదటిది అర్ధాయువు. థోరియం వాయువు శక్తి సుమారు ఒక నిమిషంలో సగానికి, మరో నిమిషంలో అందులో సగానికి తగ్గుతుంది. అందుకే అది పుట్టిన చోటి నుండి ఎంతో దూరం పోలేదు. రేడియం నుండి పుట్టే రేడాన్ అర్ధాయువు దాదాపు 3.8 రోజులు. మట్టి పొరల్లోంచి పైకి వచ్చి ఇంట చేరడానికి ఆ వ్యవధి చాలు. రెండవది, ఆ వాయువు తాకిన వస్తువులపై రేడియోధార్మికత గల సన్నని పూత ఏర్పడడం. ఈ పూతలోనే అసలు ప్రమాదం దాగి ఉంది. మనం పీల్చిన రేడాన్‌లో అధిక భాగం తిరిగి బయటికి పోతుంది. కాని అది క్షయించగా పుట్టే పొలోనియం వంటి ఘనపదార్థాల అణువులు ధూళితో కలిసి ఊపిరితిత్తులలో అంటుకుంటాయి. కాగితాన్ని సైతం దాటలేని ఆల్ఫా కణాలు అక్కడ సున్నితమైన కణజాలాన్ని నేరుగా గాయపరుస్తాయి.

ఫ్రెడరిక్ సాడీతో కలిసి ఒక మూలకం మరొక మూలకంగా మారుతుందని నిరూపించిన రూథర్‌ఫర్డ్‌ను 1908లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వరించింది. అప్పటికే మాంచెస్టర్ చేరిన ఆయన, పలుచని గాజు గొట్టంలో రేడాన్‌ను బంధించి, దాని గోడ దాటి వచ్చిన ఆల్ఫా కణాలు హీలియమేనని రాయిడ్స్ సహకారంతో తేల్చారు. 1911లో పరమాణు కేంద్రక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. 1919లో కావెండిష్ ప్రయోగశాల అధిపతి అయ్యారు.

విచారకరమైన సంగతి ఏమంటే, ఆ కాలంలోనే కొందరు వ్యాపారులు రేడాన్ కలిసిన నీటిని బలవర్ధక ఔషధంగా అమ్ముకున్నారు. మరోవైపు జర్మనీలోని ష్నేబెర్గ్ గనుల కార్మికులను బలిగొంటున్న వ్యాధి ఊపిరితిత్తుల క్యాన్సరని 1879లోనే వైద్యులు గుర్తించినా, రేడాన్ సంతతి పదార్థాలే అందుకు హేతువన్న అవగాహన 1950వ దశకంలో గాని స్థిరపడలేదు. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఇంకా ఉత్పత్తి ఆరంభించని అణువిద్యుత్ కేంద్రంలోకి వస్తున్న ఒక ఉద్యోగిని చూసి హెచ్చరిక గంటలు మోగాయి. వెదకగా దోషం కేంద్రానిది కాదు, ఆయన ఇంటిదని తేలింది. ఆ ఇంట ఘనమీటరు గాలిలో దాదాపు లక్ష బెకరల్స్ రేడాన్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన పరిమితి 100 మాత్రమే. అది సాధ్యపడని చోట 300 దాటరాదని చెప్పింది.

ముప్పును అంచనా వేయడానికి ప్రత్యేక ప్లాస్టిక్ ముక్కగల చిన్న డబ్బీని, మనుషులు నివసించే అడుగు అంతస్తు గదిలో మూడు నెలలపాటు ఉంచుతారు. ఆల్ఫా కణాలు దానిపై మిగిల్చిన గాట్లను లెక్కించి మోతాదు నిర్ణయిస్తారు. నివారణ కూడా దుస్సాధ్యం కాదు. నేల బీటలు పూడ్చడం, గచ్చు కింది నుండి గొట్టం వేసి ఫ్యాను సాయంతో ఆ గాలిని కప్పుపైకి పంపడం, గదుల్లో గాలి ఆడనివ్వడం ముఖ్య మార్గాలు. పొగతాగే వారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు అధికం కనుక ఆ అలవాటు మానడమూ రక్షణే.

మన దక్కను గ్రానైటు శిలల్లోనూ యురేనియం స్వల్పంగా ఉంటుంది. పగలంతా తలుపులు, కిటికీలు తెరిచి ఉంచే పాత ఇళ్లలో వాయువు నిలవదు. ఏసీ కోసం అన్నీ బిగించుకుంటున్న నేటి గదుల విషయంలోనే జాగ్రత్త అవసరం. భయం అక్కరలేదు, ఎరుక చాలు.

1931లో నెల్సన్ ప్రభువుగా బిరుదు పొందిన రూథర్‌ఫర్డ్, 1937 అక్టోబరు 19న కేంబ్రిడ్జిలో హెర్నియా వ్యాధి వికటించి పరమపదించారు. ఆయన అస్థికలు వెస్ట్‌మినిస్టర్ అబేలో న్యూటన్ సమాధి చెంత నిక్షిప్తమయ్యాయి. 104వ మూలకం 1997లో ఆయన పేరు ధరించింది. ఆనాడు మాంట్రియల్‌లో ఒక తలుపు తెరవగా మారిన కొలతను ఆయన నిర్లక్ష్యం చేయలేదు. మన ఇంటి తలుపు తెరిచినప్పుడు వీచే గాలిని మనమూ చులకన చేయకపోవడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.