మెడ బిగుసుకుంటే నీళ్లనూ చూడాలన్న షార్ట్

మీ మెడ స్కానింగ్ రిపోర్టులో లార్డోసిస్ తగ్గిందంటే, సహజ వంపు పోయి మెడ నిటారైందని అర్థం. నొప్పి లేనివారిలోనూ ఇది కనిపిస్తుంది, కంగారొద్దు. లిగమెంట్లు ఎముకలా గట్టిపడ్డాయని ఉంటే మాత్రం హెన్రీ షార్ట్‌ను గుర్తుచేసుకోండి.

1887లో పంజాబ్‌లో పుట్టిన ఈ బ్రిటిష్ వైద్యుడు మద్రాసు గిండీలోని కింగ్ ఇనిస్టిట్యూట్‌కు డైరెక్టర్‌. అప్పటి నెల్లూరు జిల్లాలో మెడ, నడుము బిగుసుకుపోయినవారిని సహచరులతో కలిసి పరీక్షించారు. ఎక్స్‌రేల్లో కనిపించిన మార్పులకు తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో ప్రకటించారు. మలేరియా పరాన్నజీవి కాలేయంలో దాగే దశనూ 1948లో గార్న్‌హమ్‌తో కలిసి కనుగొన్నారు. నూరేళ్లు జీవించి 1987లో కన్నుమూశారు.

మీది నందికొట్కూరైనా, మరో ఊరి నుంచి వచ్చి స్థిరపడినా, ఏళ్లుగా ఏ నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పండి. చేతులు తిమ్మిరెక్కినా, నడక తడబడినా ఆలస్యం చేయొద్దు.