విహంగ విజ్ఞాని సలీం అలీ

మన దేశపు పక్షులను గురించి ఈనాడు ఎవరు ఏ పుస్తకము తెరచినను ఏదో ఒక పుటలో కనుపించు పేరు సలీం అలీ గారిది. వీరు 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక సులైమానీ బొహ్రా కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఏడాది నిండగానే తండ్రి, మూడేండ్ల ప్రాయంలో తల్లి గతించగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన సతీమణి హమీదా బేగం ఆ పిల్లలనందరినీ చేరదీసి పెంచారు.

మేనమామ గారికి వేటయందు మక్కువ. ఆయన కొనిచ్చిన గాలితుపాకితో బాలుడు పిచ్చుకలను కొట్టేవాడు. ఒకనాడు పడిన పిచ్చుక కంఠముపై పసుపుపచ్చని మచ్చ కనుపించింది. అది తినదగిన పక్షియేనా అను సందేహం కలిగి మేనమామను అడుగగా, ఆయనకును తెలియక, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లర్డ్ దొరగారి వద్దకు ఉత్తరమిచ్చి పంపారు. మిల్లర్డ్ ఆ పిట్ట పేరు చెప్పి ఊరకుండలేదు. అలమారలలో దాచిన వందలాది పక్షుల నమూనాలను ఓపికగా చూపించారు. హలాలా కాదా అను ఒక చిన్న ధర్మసందేహం ఒక శాస్త్రమునకు ద్వారమైనది.

చదువులో ఆయన ముందువరుసవాడు కాడు. కళాశాల విడిచి బర్మా వెళ్లి కుటుంబపు గనుల, కలప వ్యాపారములు చూచుకొన్నారు. అక్కడ కూడ లెక్కల పుస్తకముకన్న అడవియే ఆయనను ఎక్కువగా పిలిచింది. తిరిగివచ్చి 1918లో తెహ్మీనా బేగంను వివాహమాడారు. జువాలాజికల్ సర్వేలో పక్షిశాస్త్రజ్ఞుని పదవి ఖాళీ అయినప్పుడు విశ్వవిద్యాలయ పట్టము లేదన్న కారణమున ఆయనకు దక్కలేదు. పట్టముల కొరకే తరగతులకు వచ్చు మన విద్యార్థి మిత్రులు ఈ సంగతిని గమనింతురు గాక! బొంబాయి ప్రదర్శనశాలలో చిరుద్యోగం దొరికింది. 1929లో సెలవుపెట్టి బెర్లిన్ వెళ్లి స్ట్రెస్‌మన్ అను మహాపండితుని వద్ద శిక్షణ పొంది వచ్చునప్పటికి, ఆ చిరుద్యోగమును కూడ నిధులు లేవని తీసివేశారు.

ఉద్యోగం లేని ఆ రోజులలోనే ఆయన కీర్తికి పునాది పడింది. బొంబాయికి ఎదుటి తీరమున కిహిం గ్రామంలో, ఇంటి సమీపమున చెట్టుకు గిజిగాడి గూళ్లు వ్రేలాడుచుండగా, నిచ్చెనపై కూర్చుండి నెలలతరబడి పరిశీలించారు. మగపక్షి గూడు సగము అల్లి నిలిపివేయుననియు, ఆడపక్షి వచ్చి చూచి మెచ్చిన పిదపనే దానిని పూర్తిచేయుననియు, ఆపైన మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షిని పిలుచుననియు లోకమునకు తెలియజేసినది ఆయనే. మన పొలముగట్ల ఈతచెట్లపై గిజిగాడు నిత్యమూ చేయుపనియే ఇది. నిలబడి చూచినవారే లేకపోయిరి.

తరువాత ఆయన సంస్థానముల వారికి ఒక ప్రతిపాదన చేశారు. తనకు జీతమక్కరలేదు, మకాము ఖర్చులిచ్చిన చాలును, మీ రాజ్యములోని పక్షుల లెక్క వ్రాసి ఇత్తునన్నారు. మొదట అంగీకరించినది హైదరాబాదు నిజాం ప్రభుత్వం. 1931-32లో ఆ రాజ్యపు అడవులలోను, చెరువుల పైనను ఆయన తిరిగారు. తెహ్మీనా వెంట ఉండి గుడారపు సంసారం నడిపారు. ఆ సాధ్వి 1939లో ఒక శస్త్రచికిత్స అనంతరం మరణించారు. ఆయన మరల వివాహమాడలేదు. 1941లో వెలువడిన భారతీయ పక్షుల గ్రంథం సామాన్య పాఠకునికి సైతం పక్షులను పరిచయం చేసింది. డిల్లన్ రిప్లేతో కలిసి వ్రాసిన పది సంపుటముల మహాగ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది.

ఇక భరత్‌పూర్ ముచ్చట. రాజస్థానములోని ఆ పట్టణమును ఆనుకొని కేవలాదేవ్ ఘనా అను చిత్తడి నేల ఉన్నది. విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. పల్లపు భూమికి కట్టలు వేసి, అజన్ బంధ్ నీటిని మళ్లించి రాజులు దానిని బాతుల వేటకై సిద్ధం చేసికొన్నారు. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో విచ్చేసినప్పుడు ఒక్కదినమున 4,273 పక్షులు నేలకూలినవి. స్వాతంత్ర్యం రాగానే చుట్టుపట్ల రైతులు ఆ నీటిని తీసివేసి భూమిని సాగుకు పంచవలెనని కోరారు. ఆకలి దినములవి, వారి కోరికను తప్పుపట్టలేము. సలీం అలీ నెహ్రూగారిని ఆశ్రయించి ఆ మడుగును నిలిపారు. 1956లో అది పక్షుల రక్షిత స్థలమైనది. సొసైటీ పక్షాన ఆయన అక్కడి పక్షుల కాళ్లకు కడియములు వేయించి వదలగా, వాటిలో కొన్ని బాతులు సైబీరియాలో దొరికి, మన మడుగు ఎంత దూరపు అతిథులకు విడిదియో రుజువైనది.

అయినను కథ అంతటితో తీరలేదు. ఘనాను జాతీయోద్యానముగా మార్చి 1982లో పశువుల మేత నిషేధించారు. సొసైటీవారి సలహాయు అట్లే ఉండెను. తరతరాలుగా గేదెలను తోలుకొనివచ్చిన గ్రామస్థులు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయారు. ఆ సొసైటీవారే పదేండ్లు సాగించిన పరిశోధన చివరకు తేల్చినదేమనగా, గేదెలు మేయకపోవుటచే నీటిలో గడ్డి దట్టమై, పక్షులకు తావు తగ్గినదని. ఆ ఫలితం పూర్తిగా వెలువడునప్పటికి సలీం అలీ లేరు. పక్షి కొరకు నిలబడినవారు గేదెను, గేదెకాపరిని లెక్కలోనికి తీసికొనకపోవుట ఆ మహత్తర కార్యములోని పెద్ద లోపమని నా అభిప్రాయం.

ఈ సందర్భమున మన సీమను తలచుకొనక తప్పదు. జువ్వలదిన్నె నుండి దక్షిణముగా తీరము వెంట పోయినచో పులికాటు సరస్సు, దాని చేరువను నేలపట్టు చెరువు వచ్చును. రెండింటిని 1976లో రక్షిత స్థలములుగా ప్రకటించారు. పులికాటుకు రాజహంసలు వచ్చును. నేలపట్టులో గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టును. ప్రభుత్వపు బోర్డు లేవక పూర్వమే అచటి రైతులు వాటిని కాపాడారు. రెట్టలు కలిసిన చెరువునీరు వరికి బలమని వారి అనుభవం. భరత్‌పూరులో తుపాకులు పేలినవి. ఇచట పంటయు పక్షియు ఒకే నీటిపై బ్రతికినవి.

ప్రభుత్వము ఆయనను 1958లో పద్మభూషణ్‌తో, 1976లో పద్మవిభూషణ్‌తో గౌరవించింది. 1985లో రాజ్యసభకు నామినేట్ చేసింది. ఆ యేడే ఆయన ఆత్మకథ వెలువడింది. దాని పేరులో ఉన్నది ఆనాటి పిచ్చుకయే. 1986 జనవరిలో కడప జిల్లాలో కలివికోడి మరల కనుపించింది. ఎనభై ఏండ్లకు పైగా ఎవ్వరి కంటనూ పడని పక్షి అది. నూరేండ్లకు పూర్వం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ దొర మొదట గుర్తించినది. వెదకి కనుగొన్నది సలీం అలీ సొసైటీవారే. మరుసటి యేడు, 1987లో, ఆయన బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన నాటి భరత్‌పూరునకు శీతకాలమున వచ్చుచుండిన తెల్లని సైబీరియా కొంగలు 1960ల నడుమ సుమారు 200. 2002లో ఒక జంట వచ్చింది. ఆ తరువాత రాలేదు.